పనసచెక్క గిటారు

నరసరావుపేటలో మంచాలు చేసే మౌలాలీ కొట్లో నిలబడి, గోడకు వేలాడుతున్న గిటారు బాడీల వంక దొంగచూపులు చూశాడు దేవానందం. ఆర్కెస్ట్రాలో గిటారిస్టుగా చేరి నెలయినా కాలేదు. చేతిలో గిటారు లేదు. శివరాత్రి తిరనాళ్ళకల్లా ఎర్రగా మెరిసేది ఒకటి చవగ్గా సంపాదించుకోకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు ఓనరు గోపాలకృష్ణయ్య. మా ఆయన గిటారిస్టని పెళ్ళాం ఫిలోమినా అప్పుడే వాడంతా చెప్పుకుంది. ఈ పని పోతే మళ్ళీ జిన్నింగు మిల్లులో బస్తాలు మోయడమే గతి.

మద్రాసు సరుకు ధర వింటే కళ్ళు తిరుగుతాయి. మౌలాలీ దగ్గర బాడీ, మెడ కలిపి ఓ నులకమంచం ధరే. ఎప్పుడో ఎవరో విరిగిన గిటారు బాగుచెయ్యమని తెస్తే, దాని కొలతలు తీసుకుని నాలుగు చేశాడతను. మూడేళ్ళయినా ఒక్కటీ అమ్ముడుపోలేదు. మంచాలవాడు చేసినదాంట్లో సంగీతం ఏం పలుకుతుందని అందరూ నవ్విపోయారు.

"నూజివీడు పనస, తమ్ముడూ. వీణకి పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదు?" అన్నాడు మౌలాలీ, మెడ మీద ఇత్తడి మెట్లు తడుముతూ.

దేవానందం రంగు చూశాడు. రంగు బాగుంది. తీసుకుంటానన్నాడు.

లోపల అయస్కాంతాలూ వైర్లూ బిగించాలి గదా, రేడియోలు బాగుచేసే మక్బూల్ దగ్గరికి తనే తీసుకుపోతానని మౌలాలీ లేచాడు. ఆ సామానంతా ఓనరు దగ్గరే ఉందని చెప్పి దేవానందం చెమట తుడుచుకున్నాడు.

"పోనీ తీగలు బిగించి ఒక్కసారి మోగించు. నా చెక్క గొంతు నేనే ఇంతవరకు వినలా."

"కరెంటు లేకుండా మోగదు భాయ్. కోటప్పకొండ తిరనాళ్ళకి రా, వింటువుగాని."

మాటవరసకన్న మాట అది. కొట్టు మూసుకుని ఎందుకొస్తాడులే అనుకున్నాడు.

వచ్చాడు. భార్య ఖాతూన్ బీని కూడా వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

పొద్దు వాలుతుండగా, రంగు దీపాలతో ఆకాశమంత ఎత్తున నిలబెట్టిన ప్రభ పక్కన కట్టిన స్టేజీ ఎక్కాడు దేవానందం. పాటకీ పాటకీ మధ్య గిటారు ఒక్కటే మోగే ఐటం అతనిది. వేళ్ళు మెట్ల మీద పరుగులు తీశాయి. మైకుల్లో గిటారు ఖంగుమంది. జనం ఈలలు వేశారు. ముందు వరసలో మౌలాలీ తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అది చూశాక దేవానందం మళ్ళీ తలెత్తలేకపోయాడు.

ఐటం అవగానే మౌలాలీ దంపతులు స్టేజీ వెనక్కి వచ్చారు.

"ఆ పలికింది నా చెక్కేనా, తమ్ముడూ?"

గోపాలకృష్ణయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. దేవానందం తలూపాడు.

ఇక మంచాల జోలికి పోనన్నాడు మౌలాలీ. రేపే ఖాతూన్ గాజులమ్మి బండెడు పనస తెప్పిస్తాడట. గిటారు బాడీలూ మెడలే చేస్తాడట. నవ్వినవాళ్ళంతా తన కొట్టు ముందు వరస కడతారట. ఖాతూన్ బీ అప్పుడే గాజులు తీసి కొంగున ముడేసుకుంది కూడా. బోసి చేతులతో నవ్వుతోంది.

"వాయించేవోడివి, నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసుద్ది? నువ్వు చెప్పు. దిగమంటావా?"

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది దేవానందానికి. తన బతుకు మీద తనకే అసహ్యం వేసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గోపాలకృష్ణయ్య చిన్నగా దగ్గాడు.

"దిగు భాయ్. చానా బాగా పలికింది" అన్నాడు దేవానందం నేలచూపులు చూస్తూ.

వాళ్ళిద్దరూ సంబరంగా జనంలో కలిసిపోయారు. మైకులో మళ్ళీ దేవానందం పేరు పిలిచారు. గోపాలకృష్ణయ్య తెర వెనకున్న టేప్‌రికార్డరులో గిటారు క్యాసెట్టును రెండోవైపు తిప్పి పెట్టి, "ఊఁ, ఇక వేళ్ళాడించు" అన్నాడు.