కనుచూపు దాటిన బంతి

“బలంతో పని లేదట అల్లుడుగారూ, అంతా నడుం తిప్పడంలోనే ఉందట,” అంది మా అత్తయ్య, గోల్ఫ్ నేర్పించేవాడి మాట నాకు అప్పజెబుతూ. బట్టలు కుట్టే మనిషి, నా మోచేతి ఎత్తు ఉంటుంది. గోల్ఫ్ మైదానానికి రావడం ఇద్దరికీ ఇదే మొదటిసారి. ఎవరి బంతి తక్కువ దూరం పోతే వాళ్లు వారమంతా అంట్లు తోమాలని పందెం.

నేను ఆగుతానా? మూడంతస్తులు బీరువాలు మోసే భుజాలివి. బంతిని నేలలో గుచ్చిన చిన్న చెక్క మేకు మీద నిలబెట్టి, కర్రను గొడ్డలిలా ఎత్తి, పళ్లు బిగించి ఊపాను. గాలి రయ్యిమంది. ఆ ఊపుకి నేనే ఒక చుట్టు తిరిగి నిలబడ్డాను.

రెండు వందల గజాల దూరం చూపే జెండా దగ్గర బంతి లేదు. మూడు వందల దగ్గరా లేదు.

“కంచె దాటిపోయిందంటారా?” అన్నాను.

“ఏమో, నాకైతే కనబడలేదు,” అంది.

ఇక నా కాళ్లు నేల మీద లేవు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికీ, పిట్టంత మనిషికీ తేడా ఏమిటో పక్కవాళ్లకు కూడా వినబడేలా విడమరిచి చెప్పాను.

అత్తయ్య కర్ర అందుకుని నా చోట నిలబడింది. నడుం నెమ్మదిగా తిరిగింది, చేతులు దాని వెంట వచ్చాయి. టక్. బంతి నూరు గజాల జెండా మీదుగా ఎగిరి అవతల పడింది.

“పరవాలేదత్తయ్యా,” అన్నాను పెద్దమనసుతో. “అంట్ల దగ్గర నేనూ ఓ చెయ్యి వేస్తాలెండి.”

“అంతా మీ చలవే అల్లుడుగారూ. బంతి మీరు పెట్టిందేగా,” అంది, కర్ర నా చేతికిస్తూ.

నిజమే, బంతి నేనే పెట్టాను. పెట్టింది ఒక్కటే.