అవ్వ దాచిన పుస్తె

ముహూర్తానికి ఇరవై నిమిషాలుంది. పుట్టింటి పుస్తె ఇంకా మబ్బులోనే ఉంది.

గోదావరిఖనిలో ఇళ్లు అగ్గిపెట్టెలంత అయ్యాక, అందరూ సామానంతా కంప్యూటరు మబ్బులోకి ఎక్కించి కావలసినప్పుడు దింపుకుంటున్నారు. రాజవ్వ అక్కడ కూడా తన పద్ధతి మానలేదు. బియ్యం ఫోల్డరులో పప్పుల ఫోల్డరు, అందులో పాత చీరల ఫోల్డరు, దాని అడుగున ఎక్కడో పుస్తె.

పెళ్లిబట్టల్లోనే కూర్చొని మనవరాలు కావేరి కోడ్ నడిపింది. గదిలోకి బియ్యం డ్రమ్ము ఒక్కటే దిగింది.

"లోపలి ఫోల్డర్లల్లకు పోలేదే అవ్వా. ఆగు, అన్నీ తెమ్మని రాస్త."

"అన్నీ వద్దే బిడ్డా! ఏరుకొని తే!" రాజవ్వ గాబరాపడింది.

"ఏరుకుంట కూసుంటే ముహూర్తం దాటిపోతది," అంటూ కావేరి మీట నొక్కింది.

పప్పు డబ్బాలు దిగాయి. నలభై చీరలు దిగాయి. పెళ్లి చేయించే అయ్యగారు పంచె ఎగ్గట్టి మంచం మీదికెక్కాడు. చివరికి ఒక హార్మోనియం దిగింది. పుస్తె మాత్రం కనబడలేదు.

తాత ఓదెలు ఎగిరి గంతేశాడు. "నా పెట్టె! పన్నెండేండ్ల కింద మబ్బు మింగిందంటివి గదనే!"

"నువ్వు పాడుతుంటే ఇరుగుపొరుగోళ్లు ఇండ్లు ఖాళీ చేసి పోయిండ్రు. ఏం చెయ్యాలె మరి?"

తాత అప్పటికే హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆడించాడు. ఒక మెట్టు పలకలేదు. పెట్టెను బోర్లిస్తే టింగుమంటూ పుస్తె అతని ఒళ్లో పడింది.

"దీని జోలికి ఎవ్వలు పోరని అండ్లనే దాచిన," గొణిగింది రాజవ్వ.

ఓదెలు పుస్తెను గుప్పిట్లో బిగించి గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క పాట. అది వింటెనే ఇస్త."