గోడ దూకిన బ్లూటూత్

డబ్బా ఆ రోజు కూడా పలకలేదు.

"కొత్త ఫోన్ కొన్న సంది దీని నోరు పడిపోయిందిరా," అంది ద్రౌపది, ఒళ్లో ఉన్న బీడీల చాట పక్కకు జరిపి.

కొడుకు అమోల్ పొద్దుటి నుంచి దానితో కుస్తీ పడుతున్నాడు. ఒక చేతిలో అమ్మ కొత్త ఫోన్, ఇంకో చేతిలో ఎప్పటిదో బ్లూటూత్ స్పీకర్. ఆమె భజన పాటలన్నీ వినేది అందులోనే. ఫోన్ వెతుకుతుంది. డబ్బా పేరు చూపిస్తుంది. పిన్‌గా నాలుగు సున్నాలు కొట్టమంటుంది. కొట్టగానే జత కుదరలేదంటుంది.

"పాత బ్లూటూత్ అమ్మా ఇది. కొత్త ఫోన్లతోని దీనికి పొత్తు కుదరదు. ఇంకోటి తెస్త తియ్."

"మంచిగున్నదాన్ని పారేస్తరా? ఉండనీ."

అమోల్ డబ్బాను గోడవారగా పెట్టి, తాను పనిచేసే తువ్వాళ్ల దుకాణానికి వెళ్లిపోయాడు.

సోలాపూర్‌లోని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ద్రౌపది సంగతి తెలియనివారు లేరు. బజారులో ఇంకొకరు చెయ్యి వేసిన వంకాయే ఆమె సంచిలో పడాలి. దుకాణంలో పక్కావిడ మడత విప్పించిన చీరే ఆమెకు నచ్చాలి. నలుగురూ కోరని వస్తువు ఆమె కంటికి ఆనదు. కొడుక్కి వచ్చిన సంబంధాలన్నీ, అడగ్గానే ఒప్పుకున్నారన్న నేరానికి తోసేసింది. పక్కింట్లో కిరాయికి ఉంటున్న విమల కూడా ఒకసారి తన కూతురు రూపాలి గురించి మాట కదిపింది. ఇంట్లో మిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పిల్ల.

"కండెపుల్ల లెక్క బక్కగున్నది," అని మూతి తిప్పుకుంది ద్రౌపది.

ఆ మధ్యాహ్నం ఆమె తునికాకు కత్తిరిస్తుంటే డబ్బా ఉన్నట్టుండి టింగుమంది.

"రూపాలీ, పెద్దమ్మను మాట్లాడుతున్ననే, భివండీకెల్లి..."

ద్రౌపది చేతిలోంచి కత్తెర జారింది. ఎవరో ముసలావిడ గొంతు. బొంగురుగా, తీరుబడిగా సాగుతోంది.

"మీ అమ్మకు చెప్పు. నీ ఫోటో ఇక్కడోళ్లకు మస్తు నచ్చింది. సొంతంగ మగ్గాల సాంచాలు నడిపే ఇల్లు. ఇప్పుడే బయట చెప్పకుండ్రి, దిష్టి తగుల్తది."

అంతే. డబ్బా మూగబోయింది.

సాయంత్రం అమోల్ రాగానే, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మన డబ్బాల వేరేటోళ్ల ఫోన్ పలుకుతదారా?"

"ఎందుకు పలకదు? నడుమ గోడొక్కటే గద. పక్కింటోళ్ల ఫోన్ దీనికి అంటుకున్నదేమో. వాళ్లకొచ్చిన వాయిస్ మెసేజులు మనకు ఇనొస్తయి. గందుకే మన ఫోన్ కలుస్తలేదు. ఆగు, పోయి చెప్పొస్త."

"కూసో!" గట్టిగా అరిచింది ద్రౌపది. అంతలోనే గొంతు తగ్గించింది. "ఇరుగుపొరుగును ఎందుకురా సతాయించుడు? పాటలు లేకుంటే నేనేమన్న చస్తనా?"

ఆ రోజు నుంచి ఆమె బీడీలు చుట్టే చోటు మారింది. గుమ్మం పక్క గాలి వదిలేసి, ఉక్కపోతలో డబ్బాకు ఆనుకుని కూర్చునేది. ఛార్జింగ్ మాత్రం మరిచిపోయేది కాదు. పెద్దమ్మ గొంతు మధ్యాహ్నం మధ్యాహ్నం వచ్చేది. పిల్ల కుట్టుపని మెచ్చుకునేది. చేతివంట మెచ్చుకునేది. అవన్నీ ద్రౌపది ఓర్చుకుంది. ఓర్చుకోలేని మాట ఒకరోజు వచ్చింది.

"పిలగాని తల్లి ఏమంటున్నదో ఎరుకేనా? గిసుంటి బంగారమసుంటి పిల్ల సోలాపూర్‌ల ఎవ్వలకు కనపడలేదా, అక్కడి ఆడోళ్లంత గుడ్డోళ్లా, అని ఒకటే నవ్వుడు. శుక్రవారం వస్తున్నరు. మాట ఖాయం చేసుకునే పోతరట."

ద్రౌపది చాట కింద పెట్టింది. పట్టుచీర కట్టింది. ఇంత కుంకుమ, ఒక కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని పక్కింటి గడప తొక్కింది.

"వదినా, పిల్లను మాకియ్యి."

విమల ఆమె పట్టుచీరను, చేతిలోని పళ్లాన్ని ఎగాదిగా చూసింది. అది బెట్టు అనుకుని ద్రౌపది ఇంకో మెట్టు దిగింది. "కట్నం గిట్నం మాట ఎత్తకు. కండ్ల ముంగట పెరిగే పిల్లను దూరం పంపుడెందుకు? ఇయ్యాల్నే బొట్టు పెట్టిపోత."

"పిల్లను ఒక మాట అడగాలె గద వదినా," అంది విమల తడబడుతూ.

మిషన్ మీద వంగిన రూపాలి తల ఇంకాస్త వంగింది. ఒప్పుకున్నట్టే.

ఇంటికొచ్చి చెబితే అమోల్ నొచ్చుకున్నాడు. "నన్ను అడగకుండనే? కండెపుల్ల అంటివి గద?"

"నోర్ముయ్. చూసే కండ్లుంటే తెలుస్తది. నీ మంచి నాకెరుక లేదా?"

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు అమోల్ నిట్టూర్చి.

సాకర్‌పుడా, అదే నిశ్చితార్థం, కాలనీ హాల్లో ఘనంగా జరిగింది. ద్రౌపది కాలు నేల మీద నిలవలేదు. సాంచాల ఆసామి నోటిదాకా వచ్చిన ముద్దను తన తెలివితో లాక్కొచ్చింది మరి. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోతోంది. కనీసం ఆ భివండీ పెద్దమ్మ మాడిన మొహమైనా చూడాలని ఆడవాళ్ల మధ్య వెతికింది. ఆ గొంతు ఎక్కడా వినబడలేదు.

వంటల వైపు వెళుతుంటే వినిపించింది. అదే గొంతు. అదే బొంగురు, అదే తీరుబడి.

ఆత్రంగా తెర పక్కకు తీసింది. అక్కడ ముసలావిడ ఎవరూ లేరు. అమోల్‌తో కలిసి తువ్వాళ్ల దుకాణంలో పనిచేసే శీతల్ అనే పిల్ల, చేతిలో జిలేబీ పళ్లెంతో అతని ముందు నిలబడి ఉంది.

"మీ అమ్మ డబ్బాకు రూపాలి ఫోన్ కలిపి నువ్వు చేతులు దులుపుకున్నవ్, భివండీ పెద్దమ్మనై వాగి వాగి గొంతు పోగొట్టుకున్నది నేను, పార్టీ ఎప్పుడిస్తవ్ అమోల్?"