అందరికంటే ముందు

నవ్వుల తాత ఇంకా పోలేదు. ఆయన మరణవార్త మాత్రం సోమవారమే సిద్ధమైపోయింది.

నాలుగు పేజీల వ్యాసం, ఆరు ఫొటోలు, చుట్టూ నల్ల అంచు. యాభై ఏళ్ళు దేశాన్ని నవ్వించిన హాస్యనటుడు ఇక లేరు అని శీర్షిక. 'ఈ రోజు కన్నుమూశారు' అన్న వాక్యంలో ఎన్ని గంటలకో రాయడానికి చిన్న ఖాళీ వదిలారు. అడుగున ఆయన హాస్యం సీడీల పెట్టె బొమ్మ, దాని పక్కనే 'ఇప్పుడే కొనండి' అని మిలమిలా మెరిసే మీట. ఆయనింకా మంచం మీద ఊపిరి పీలుస్తుండగానే పెట్టె మీద తగ్గింపు కూడా ప్రకటించేశారు.

పెద్దవాళ్ళు పోకముందే వాళ్ళ వార్తలు రాసిపెట్టుకోవడం పత్రికల్లో పాత అలవాటే. కాకపోతే పత్రిక తెల్లారేదాకా ఆగుతుంది. ఇది ఇంటర్నెట్‌లో వార్తల సైటు. మోడెం కుయ్యో మొర్రో అని అరిచి అరిచి లైను కలిపే రోజులవి. ఎవరు ముందు పెడితే జనం వాళ్ళ పేజీ మీదే ఎగబడతారు. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఈగలు తోలుకోవాల్సిందే.

ఈ సైటులో చావు వార్తలు చూసే సబ్ ఎడిటర్‌ని ఆఫీసంతా చిత్రగుప్తుడంటారు. రెండేళ్ళు అక్క సంపాదన మీద కూర్చుని తిన్నాక దొరికిన ఉద్యోగం అతనికిది. చేరిన ఐదు నెలల్లో ముగ్గురు ప్రముఖులు పోయారు. మూడుసార్లూ అందరికంటే ముందు అతనే పెట్టాడు.

"నీ హస్తవాసి మంచిదయ్యా!" అని ఎడిటర్ మెచ్చుకునేవాడు.

నిజానికి హస్తవాసి అక్కది. పేరున్నవాళ్ళంతా వచ్చి చేరే ఆసుపత్రిలో, ప్రత్యేక వార్డులో ఆమె నర్సు. అమ్మ పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, ఆమెకి పదహారు. అప్పట్నుంచీ తల దువ్విందీ, బడికి పంపిందీ, పరీక్ష తప్పితే నాలుగు తగిలించిందీ ఆమే. తమ్ముణ్ణి వదిలి వెళ్ళలేక పెళ్ళి కూడా మానుకుంది. వార్డులో ఎవరైనా పోతే ముందు ఫోను తమ్ముడికే వస్తుంది. "ఈయన రేపటిదాకా ఉండడురా" అని ఆమె అన్నదంటే ఇక ఉండడు. ఆ అంచనా ఎన్నడూ తప్పలేదు.

నవ్వుల తాత విషయంలో సోమవారం డాక్టర్లు పెదవి విరిచారు. గురువారం వచ్చినా ఆయన మాత్రం పోలేదు.

ఆ మధ్యాహ్నం ఎడిటర్ చిత్రగుప్తుణ్ణి పిలిచి, గది తలుపు వేసి మరీ చెప్పాడు.

"మన ఓనరుకి ఒళ్ళు మండిపోతోందయ్యా. పోటీ సైటు వాళ్ళు ఆసుపత్రి వరండాలోనే మనిషిని కూర్చోబెట్టారు, చేతిలో సెల్‌ఫోనుతో సహా. ఈసారి వాళ్ళు ముందు పెట్టారో, నీ ఉద్యోగం నేను కాపాడలేను."

"ఆయన పోవాలి కద సార్..."

"ఆ మాట నాతో అనకు. సీడీల కంపెనీవాడు పొద్దుట్నుంచి ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు, ఇవాళా రేపా అని!"

కుర్చీలోకి వచ్చి పడ్డాడు చిత్రగుప్తుడు. మళ్ళీ ఆ రెండేళ్ళు గుర్తొచ్చాయి. పొద్దున్నే అక్క డ్యూటీకి వెళ్తుంటే మొహం చూపించలేక దుప్పటి కప్పుకుని నిద్ర నటించిన రోజులు. వెంటనే వార్డుకి ఫోన్ చేశాడు.

"ఎలా ఉన్నారక్కా ఆయన?"

"ఉన్నారు," అంది అక్క ముక్తసరిగా.

"ఇవాళ మనం వెనకబడితే నా ఉద్యోగం ఊడుతుందక్కా. వాళ్ళ మనిషి అక్కడే కాచుకుని ఉన్నాట్ట."

"చూశాను. ఆ ఫోను చూసుకుని ఒకటే మురిసిపోతున్నాడు." అక్క మాట మార్చింది. "తిన్నావా?"

"లేదు."

"ముందెళ్ళి ఏదైనా తిను. ఉద్యోగానికేం కాదు. నేను లేనూ?"

ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి నాలుగు మెతుకులు తిని వచ్చాడు. కూర్చున్న కాసేపటికే ఫోను మోగింది.

"రాసుకోరా," అంది అక్క. గొంతులో తొట్రుపాటు లేదు. "నాలుగూ పదికి."

అంతే. ఖాళీలో నాలుగూ పది అని కొట్టాడు, మీట నొక్కాడు. నల్ల అంచు పేజీ లోకం మీదికి వెళ్ళిపోయింది.

పేజీ చూసినవాళ్ళ లెక్క చెప్పే అంకెలు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. పోటీ సైటు తెరిచి చూశాడు. అక్కడింకా కొత్త వాషింగ్ మెషీన్ ప్రకటనే ఊగుతోంది. ఎడిటర్ పరుగెత్తుకొచ్చి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"వరండాలో కూర్చున్న వాడు గోళ్ళు గిల్లుకుంటున్నాడయ్యా, ఇక్కడ మనం కొట్టేశాం! అప్పుడే సీడీలకి ఆర్డర్లు కూడా మొదలయ్యాయి. నీ కుర్చీకి ఇక ఢోకా లేదు పో!"

చిత్రగుప్తుడికి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో అక్కకి ఒక్కసారైనా నోరారా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఇప్పుడే చెప్పాలనిపించి మళ్ళీ వార్డుకి ఫోన్ చేశాడు. ఈసారి ఇంకో నర్సు తీసింది. వెనకాల ఎవరెవరో పకపకా నవ్వుతున్నారు.

"మా అక్కనొకసారి పిలుస్తారా?" అన్నాడు.

"నవ్వుల తాతగారు ఇవాళ లేచి కూర్చుని మమ్మల్నందర్నీ ఒకటే నవ్విస్తున్నారండీ, నాలుగింటికివ్వాల్సిన ఇంజెక్షన్ తీసుకుని మీ అక్కగారు ఇప్పుడే ఆయన గదిలోకి వెళ్ళారు."