ఖర్జూరపు గుంతలు

"ఎన్ని గుంతలు తవ్వినావో సరిగ్గా చెప్పు దేవన్నా. వీళ్లతో ఆటలొద్దు," అన్నాడు హబీబ్.

అల్ ఖోబర్‌లోని ఆ విల్లా పెరట్లో ఎండ నిప్పులు చెరుగుతోంది. నాలుగు ఖర్జూరం చెట్లు వేళ్లతో సహా పక్కకు పడి ఉన్నాయి. వాటి కిందనుంచి పొద్దున నలుగురు ఆడవాళ్ల ఎముకలు తీశారు. పోలీసు అధికారి అరబ్బీలో అడుగుతున్నాడు, దుబాసీగా వచ్చిన కడప హబీబ్ తెలుగులో చెబుతున్నాడు, తోటమాలి దేవన్న జవాబిస్తున్నాడు.

"నాలుగే, భాయ్. ఆ అమెరికా సారు తవ్వుమన్నడు, తవ్విన. గింత లోతెందుకు సారూ అంటే, ఎరువు మస్తుగ ఎయ్యాలె అన్నడు. తెల్లారి నేనొచ్చేసరికి తనే గుంత పూడ్చి మొక్క నాటి పెట్టెటోడు. పనిమంతుడు అనుకున్న. నాకేం ఎరుక?"

నిజంగానే ఎరుక లేదు. ఈ విల్లాలో ఉండిపోయిన ఆ అమెరికా ఇంజినీరు ఎదురుపడితే ముందు తనే సలాం చెప్పే మనిషి. వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీళ్ల ఇళ్లలోంచి పారిపోయి వచ్చిన పనిమనుషులను, తర్హీల్ ఆఫీసులో దింపుతాను, వాళ్లే ఇంటికి పంపేస్తారని నమ్మించి కారెక్కించుకునేవాడు. కఫీళ్లు అప్పటికే వాళ్ల మీద పారిపోయారని హురూబ్ కేసు రాయించి చేతులు దులుపుకుని ఉండేవారు. ఇక వెతికిన పాపాన ఎవరు పోతారు? తన దేశంలో మరో ఏడుగురిని చంపి పట్టుబడి, పోయిన నెల యావజ్జీవ శిక్ష పడ్డాక, ఆ దుర్మార్గుడు నవ్వుతూ చెప్పాడట: "ఖోబర్‌లో కూడా ఉన్నారు. ఎంతమందో నా తోటమాలిని అడగండి."

అధికారి ఏదో గట్టిగా అన్నాడు.

"ఇంకా ఉంటే ఇప్పుడే చెప్పమంటాండాడు," అన్నాడు హబీబ్. "ఉంటే మళ్లా తవ్వాల, మళ్లా కేసు రాయాల. అది తేలేదాకా నువ్వు సాక్షివి, దేశం దాటేదానికి లేదు. లేకపోతే వేలిముద్ర ఏసి పో."

దేవన్న చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అందులో ఇంటికి పోవడానికి ఎంబసీ ఇచ్చిన అవుట్‌పాస్ ఉంది. సాయంత్రమే విమానం. కంపెనీ సౌదీలకు చాలినన్ని ఉద్యోగాలివ్వక నితాఖాత్ ఎరుపు జాబితాలో పడి, విదేశీ కూలీల లెవీ కట్టలేక, అతని నివాస అనుమతి ఇఖామాను రెన్యూ చేయించక వదిలేసి రెండేళ్లయింది. శిక్ష లేకుండా వెళ్లిపొమ్మన్న గడువు రేపటితో ఆఖరు. అయిదేళ్ల కూతురు కావ్య నాన్నను ఫోన్‌లో తప్ప చూడలేదు.

"ఇంక లేవు," అన్నాడు.

"ఖలాస్?" అన్నాడు అధికారి.

"ఖలాస్."

వేలిముద్ర పడింది. అధికారి జీపు దగ్గరికి వెళ్లిపోయాడు. హబీబ్ వెళ్లి పెరట్లోని కారు షెడ్డులో నిలబడ్డాడు.

"నీడకు రా దేవన్నా, మాడిపోతావు."

"వద్దు భాయ్. ఇక్కడ మంచిగనే ఉన్నది."

హబీబ్ ముఖం తుడుచుకోబోయి ఏడ్చేశాడు. "నీకు చెప్పలేదు. ఈ పనికి నేనే అడిగి వచ్చినా. మా అక్క ఖాలిదా ఈ ఊర్లోనే ఒక ఇంట్లో పనిచేస్తాండె. మూడేండ్ల కింద రంజాన్ నెలలో ఆ ఇల్లు ఇడిచి పారిపోయింది. మళ్లా ఫోన్ లేదు. పొద్దున ఆ గుంతల్లో దొరికిన చేతిసంచులు తెరిచి ఒక్కో ఇఖామా కార్డు తీస్తాంటే నా పానం పోయినంత పనైంది. నాలుగు కార్డుల్లో ఆమెది లేదు."

"అంటే?"

"అంటే బతికే ఉంది, ఎక్కడో ఒకచోట. మాయమ్మకు ఇప్పుడే చెప్తా. మూడేండ్లుగా కంటికి నిద్ర లేదు ఆమెకు."

ఫోన్ తీసి నంబరు నొక్కాడు. దేవన్న అతని ముఖంలోని సంతోషం చూశాడు. జేబులోంచి అవుట్‌పాస్ తీశాడు. ఒకసారి చూసుకున్నాడు. షెడ్డు అంచుదాకా వచ్చి దాన్ని హబీబ్ చేతిలో పెట్టాడు.

"ఇది నాకెందుకు?"

"ఫోన్ ఆపు హబీబ్ భాయ్. అమ్మకు అప్పుడే చెప్పకు."

"ఏమైంది?"

"అయిదో గుంత ఉన్నది భాయ్, ఆ రంజాన్ల దాంట్ల నాటిన మొక్క బతకలేదు. షెడ్డు కట్టినంక దాని మీద టైల్స్ నేనే పరిచిన. జర పక్కకు జరుగు, నీ కాళ్ల కిందనే ఉన్నది."