పలకలు తీసిన గుంత

హెప్సీ, పోలీసులకు నిజమెందుకు చెప్పావని అడిగి నువ్వు నాతో మాట మానేశావు. నోటితో చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకే రాస్తున్నాను.

ఈ అరబ్బు దేశంలో నేను టీలందించే సైటులో ఇసుక జారకుండా గుంత చుట్టూ ఇనుప పలకలు నిలబెట్టారు. మునిసిపాలిటీవాళ్లు చూసి పర్మిట్ ఇచ్చి వెళ్లారు. వెంటనే ఫోర్‌మన్ వాటిని పీకించబోయాడు. మర్నాడు ఇంకో సైటులో ఆ పలకలే చూపించాలట.

"కింద మనోళ్లున్నరు సార్, వాళ్లెక్కినంక తియ్యున్రి," అంటూ కూలీ భీమయ్య అడ్డం నిలబడ్డాడు.

"యల్లా, పద, జరగరా! నువ్వేమైనా ముదీరువా, నాకు ఆర్డర్లేయడానికి?"

ఫోర్‌మన్ ఇనుప గొట్టంతో అతని మూతి మీద కొట్టాడు. ఒక పన్ను నా టీ ట్రేలో పడింది. ఇంకా కొడుతూనే పలకలు లాగించాడు. అంచు కూలింది. కిందివాళ్లు పరుగెత్తి తప్పించుకున్నారు, ఫోర్‌మన్ మాత్రం మెడదాకా కూరుకుపోయాడు. నెత్తురు ఉమ్ముకుంటూ భీమయ్యే అతణ్ని చేతులతో తవ్వి తీశాడు.

పోలీసులతో భీమయ్య, "నేనే జారిపడ్డ సాబ్," అన్నాడు. తర్వాత నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"బుగులు పడకమ్మా. నీ కొడుకు పేరు నా నోట్లకెల్లి రాదు."

ఆ మాట విన్నాక నేను ఏ నోటితో ప్రార్థన చేయను? అందుకే, కొట్టిన ఫోర్‌మన్ నా కొడుకేనని పోలీసులకు చెప్పేశాను.

ఈ కాగితం దాచిపెట్టు. నీ భర్త జైలు నుంచి బెయిలు మీద వచ్చినా చూపించకు. చూపిస్తే, కోర్టులో ఆ అబద్ధమే మళ్లీ చెప్పమని భీమయ్య గొంతు మీద కూర్చుంటాడు.