పది కూతలు

“పట్టు ఎవనిదెంతనో పక్కన కూసున్నోనికి తెల్వది. చిక్కినోనికే తెలుస్తది. పది కూతలు పో, రాయమల్లూ. ఐదు భాస్కర్ మూలకు, ఐదు ఉప్పలయ్య మూలకు. ఇద్దర్ల ఎవడు గట్టోడో ఆఖరుకు నువ్వే చెప్పాలె.”

వెంకట్రాజం మాట విని, కబడ్డీ బరి పక్కన నిలబడ్డ రాయమల్లు తెల్లబోయాడు.

“నేను చెప్పుడేంది సార్? మీరు చూస్తాండ్రు గద!”

“నేను చూస్త తియ్యి. నువ్వు మాత్రం దాసుకోకుంట ఆడు.”

వెంకట్రాజం హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీ కబడ్డీ జట్టుకు ఆటగాళ్లను ఏరే మనిషి. ఆయన కంట్లో పడితే ఆట ఒక్కటే కాదు, పక్కా నౌకరి, ఉండటానికి క్వార్టరు కూడా. ‘ఒక్కణ్ణి తీసుకుంటాం, వచ్చి చూస్తాం’ అని హనుమకొండ కాలేజీకి కార్డు వచ్చింది. పోయినేడు వాళ్లు ఇంకో కాలేజీ నుంచి రైడర్‌ను పట్టుకుపోయారు. కాబట్టి ఈ ఏడు క్యాచరేనని ఆటల సారు కట్టయ్య తేల్చేశాడు. కట్టయ్య సారు తేల్చాక బ్రహ్మదేవుడు వచ్చి కాదన్నా వినడు. అలా కూతకు వెళ్లే రాయమల్లు లెక్కలోంచి పోయాడు, కూతకొచ్చినవాణ్ణి పట్టే ఇద్దరూ మిగిలారు.

“వయసెంత నీకు?” వెంకట్రాజం నోటు పుస్తకం తీశాడు.

“ఇరవై ఒకటి సార్.”

“మోకాలుకు గిట్ల దెబ్బ తాకిందా ఎప్పుడన్న?”

“లేదు సార్.”

తూకం వేసేవాడు ముందుగా రాళ్లు సరిచూసుకుంటాడు కదా, ఇదీ అంతేననుకున్నాడు రాయమల్లు. తనకు ఆశలేమీ లేవు. ఎండాకాలంలో డిగ్రీ పరీక్షలు అయిపోగానే తండ్రి పోశయ్య వెంట గింజల మార్కెట్లో బస్తాలు మోయాలి. మేస్త్రీతో మాట కూడా అయిపోయింది.

చొక్కా విప్పుతుంటే భాస్కర్ దగ్గరికొచ్చాడు. వాళ్ల బాపు సాంబయ్యకు వరంగల్ చౌరస్తాలో గిన్నెల దుకాణం.

“అన్నా, ఇది తప్పితే నేను జిందగంత ఆ గల్లా ముందట కూసోవాలె. అయినా నాకేం ఎక్కువ చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు, సాలు.”

లంచం ఇస్తానంటే తిట్టి పంపేవాడు. నిజం చెప్పమన్నవాణ్ణి ఏమంటాడు?

ఉప్పలయ్యది ధర్మసాగర్ అవతల రాయమల్లు ఊరే. మూడేళ్లుగా ఇద్దరిదీ ఒకే అద్దె గది, ఒకే స్టవ్వు. నిన్ననే వాడి తల్లి సమ్మమ్మ బియ్యం మూట నెత్తిన పెట్టుకుని బస్సు దిగింది. “రాయమల్లూ, నీ చెయ్యి పట్టుకుంట బిడ్డా. మొగడు పోయినంక కూలికి పోయి సదివిచ్చిన. వాన్ని జర చూడు,” అని నిజంగానే చెయ్యి పట్టుకుంది. ఆ అరచేయి ఎంత గరుకుగా ఉందో రాయమల్లుకు ఇప్పటికీ తెలుస్తోంది.

కబడ్డీలో చిక్కితే ఎదురుగా గీత కనబడుతుంది, దానికోసం గింజుకోవచ్చు. ఇక్కడ ఏ వైపుకు పాకాలో రాయమల్లుకు అర్థం కాలేదు.

ముందు భాస్కర్ మూల. రాయమల్లు ఒళ్లు దాచుకోలేదు. అయినా భాస్కర్ ఐదింట్లో మూడుసార్లు మడమ దొరకబుచ్చుకున్నాడు. గట్టి పట్టు, ఒప్పుకోవాల్సిందే.

తర్వాత ఉప్పలయ్య మూల. మొదటి కూతలో రాయమల్లు అలవాటుగా తాకి, అలవాటుగా జారి, గీత దాటేశాడు. తిరిగి చూస్తే ఉప్పలయ్య మట్టిలో మోకాళ్ల మీద ఉన్నాడు. వాడి ముఖంలో సమ్మమ్మ కనబడింది.

రెండో కూతలో రాయమల్లు కాలు ఒక్క క్షణం ఆలస్యంగా లేచింది. ఉప్పలయ్య అతని తొడ పట్టేశాడు. మూడోసారి కూడా అంతే. నాలుగోసారి ఉప్పలయ్యకే అనుమానం వచ్చింది.

“గుంజురా! ఎందుకు పండుకున్నవ్?” అన్నాడు చెవిలో, పళ్ల బిగువున.

రాయమల్లు గుంజలేదు. ఐదోసారైతే ఛాతీ నిండా ఊపిరి ఉండగానే కూత ఆపేశాడు. మూడేళ్లలో అలా ఎన్నడూ చేయలేదు.

వెంకట్రాజం దగ్గరికి వచ్చాడు. “ఎవడు గట్టోడు?”

భాస్కర్ కళ్లు తన మీదే ఉన్నాయని తెలుసు. రాయమల్లు నేల చూశాడు. “ఉప్పలయ్య, సార్.”

“మొదటి కూతల నువ్వు అల్కగ తప్పిచ్చుకున్నవ్ గద?”

“అప్పుడేదో తప్పిచ్చుకున్న. తర్వాత నా వశం గాలే.”

“నీ సత్తువ గింతేనా?”

“గింతే సార్.”

వెంకట్రాజం అతణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. భాస్కర్ చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఉప్పలయ్య కూడా రాయమల్లు ముఖం చూడలేదు. పోనీలే, నౌకరి వచ్చాక వాడే చూస్తాడనుకుని రాయమల్లు వెంకట్రాజం జీపు పక్కనున్న నల్లా దగ్గర కాళ్లు కడుక్కోసాగాడు.

కట్టయ్య సారు ఆత్రంగా జీపు దాకా వచ్చాడు. “అయితే ఉప్పలయ్య పేరు ఖాయమేనా సార్?”

“ఎవల పేరు రాయలే. వట్టిగనే వచ్చినట్టయింది,” అంటూ వెంకట్రాజం జీపెక్కాడు.

“గదేంది సార్! ఇద్దరిట్ల ఒక్కడు గూడ పనికిరాడా?”

“ఆళ్లకేమైంది, మంచిగనే ఆడిండ్రు. ముందుగాల చెప్తే ఆట మారుతదని నీకు గూడ చెప్పలేదు, కట్టయ్యా. నేనొచ్చింది రాయమల్లును చూస్తందుకు.”